కెమెరా సీదా రోడ్డు మీద, బండి మలుపులో

ఆదివారం పొద్దున అనంతగిరి వైపు వెళ్ళే బైకర్లు వికారాబాద్ చుట్టుపక్కల ఏదో ఒక టీ కొట్టు దగ్గర ఆగుతారు. హెల్మెట్లు అద్దాలకి తగిలించి, జాకెట్ జిప్పులు దించుకుని మొదలుపెట్టే కబుర్లు రెండే రకాలు. ఒకటి అతివేగానికి పోలీసులు వేసే చలానా. "సీదా రోడ్డన్నా, పిట్ట కూడా లేదు. ఎనభై ఎనిమిదికి కొట్టిండు, చెట్టు కింద కూసొని." రెండోది మలుపు. "ఆ రెండో మలుపు ఇయ్యాల అరవైల తీసిన. ఫుట్‌రెస్ట్ గీస్కపోయింది." మొదటి మాటకి అందరూ అయ్యో అంటారు. రెండో మాటకి అందరూ లేచి వెళ్ళి ఆ బండి వెనక టైరు అంచు చూస్తారు. అంచున అరగకుండా మిగిలిన రబ్బరు పట్టీని చికెన్ స్ట్రిప్ అంటారు. అది ఎంత సన్నగా ఉంటే బండిని అంత వంచాడని లెక్క, వాడు అంత మొనగాడు.

ఈ రెండు మాటలూ ఒకే నోటి నుంచి, ఒక్క టీ తాగేలోపు వస్తాయి. నా గొడవ అక్కడే. చలానా పడిన చోట "నాకు రోడ్డు మొత్తం కనిపిస్తోంది, అక్కడ ఆ వేగం ప్రమాదం కాదు" అని వాదించే మనిషి, రోడ్డు ఏమీ కనిపించని చోట తీసిన వేగాన్ని గొప్పగా చెప్పుకుంటాడు. కనిపించడమే కొలత అయితే రెండు చోట్లా అదే కొలత కావాలి కదా. పోలీసులు తప్పు చోట కొలుస్తున్నారనే వాదనలో నిజం ఉంది. కానీ ఆ నిజాన్ని చివరిదాకా లాగితే అది మన బైకర్ల మెడకే చుట్టుకుంటుంది. అందుకే ఎవరూ చివరిదాకా లాగరు.

కెమెరా అంటే మండిపడేవాళ్ళకి ముందు ఒక పాత సంగతి చెప్పాలి. మారిస్ గాట్సోనైడ్స్ అని నెదర్లాండ్స్‌కి చెందిన ర్యాలీ డ్రైవరు ఉండేవాడు. 1953లో ఫోర్డ్ జెఫిర్ కారుతో మాంటే కార్లో ర్యాలీ గెలిచాడు. ఆయనకీ మన పిచ్చే. మలుపులో తను ఎంత వేగంగా పోతున్నాడో, ఇంకెంత పెంచవచ్చో తెలియాలి. స్పీడోమీటరు చూద్దామంటే మలుపులో కళ్ళకి ఆ తీరిక ఉండదు. అందుకని వేగం కొలిచే పరికరం ఒకటి తనే తయారు చేసుకున్నాడు. రోడ్డుకి అడ్డంగా రెండు రబ్బరు గొట్టాలు, మొదటి దాని మీద చక్రం పడగానే గడియారం మొదలవుతుంది, రెండో దాని మీద పడగానే ఆగుతుంది. తర్వాత అది పోలీసుల చేతికి వెళ్ళింది. 1958లో ఆయన గాట్సోమీటర్ పేరుతో కంపెనీ పెట్టాడు. బ్రిటన్‌లో ఇప్పటికీ రోడ్డు పక్క కెమెరాని జనం గాట్సో అనే పిలుస్తారు.

అంటే స్పీడ్ కెమెరా పుట్టిందే మలుపు ఇంకాస్త వేగంగా తీయడం కోసం! పోలీసులకి చేరాక అది మలుపు వదిలేసి సీదా రోడ్డెక్కింది. అలా ఎక్కడం వెనక కుట్ర ఏమీ లేదు, కొలిచే పద్ధతే అలాంటిది.

మన దగ్గర ట్రైపాడ్ మీద పెట్టే లేజర్ గన్ సంగతే చూడండి. అది కంటికి కనిపించని కాంతిని వరసగా బండి మీదకి కొట్టి, ప్రతి దెబ్బా తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరం లెక్కగడుతుంది. అర సెకను కూడా పట్టదు. దూరం ఎంత చప్పున తగ్గుతోందో అదే వేగం. బండి నేరుగా గన్ వైపు వస్తేనే అంకె సరిగ్గా వస్తుంది. పక్కకి కోణం పెరిగేకొద్దీ అంకె అసలు వేగం కంటే తక్కువ చూపిస్తుంది. పది డిగ్రీల తేడా ఉంటే 80లో వెళ్ళే బండి 79 దగ్గర కనిపిస్తుంది. (గన్ పక్కన పెట్టడం వల్ల ఎక్కువ చూపించిందని వాదించే తమ్ముళ్ళు ఇది గమనించాలి. ఆ కోణం వల్ల వచ్చే తేడా ఎప్పుడూ మనకే లాభం.) ఇక మలుపులో ఆ కోణం క్షణక్షణానికీ మారిపోతుంది, పైగా బండి కనిపించేదే రెండు క్షణాలు. గురి కుదరదు, అంకె నిలవదు. కాబట్టి కానిస్టేబుల్ సీదా రోడ్డు వెతుక్కుంటాడు, ఎండాకాలమైతే చెట్టు కూడా వెతుక్కుంటాడు.

చట్టం కూడా అంకెనే అడుగుతుంది. 2018 ఏప్రిల్‌లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం మధ్యలో డివైడర్ ఉన్న నాలుగు లేన్ల రోడ్డు మీద బైకుకి గరిష్ఠ వేగం 80, కారుకి 100. మామూలు రోడ్ల మీద, పట్టణాల లోపల బైకుకి 60. ఆ లోపల రాష్ట్రాలు, స్థానిక అధికారులు ఇంకా తగ్గించవచ్చు. పక్కన కారు 95లో దర్జాగా పోతుంటే 85లో ఉన్న బైకుకి చలానా రావడం చాలామందికి అన్యాయంగా తోస్తుంది. నాకు తోచదు. ఆ రెండింటిలో దేనికి చుట్టూ ఇనుప డబ్బా ఉందో తెలుసు కదా.

చలానా వచ్చే తీరు మీద మాత్రం నాకూ కడుపు మంటే. తెలంగాణలో అతివేగానికి వెయ్యి రూపాయలు, పైన 35 యూజర్ ఛార్జీ. ఫోనుకి మెసేజ్ వచ్చేసరికి ఆ రోజు ఏ రోడ్డు మీద ఎందుకు తొందరపడ్డామో గుర్తుండదు. మోటారు వాహనాల నిబంధనల్లో 2021 ఆగస్టులో 167ఏ అని కొత్త నిబంధన చేర్చారు. కెమెరాతో వేగం పట్టే చోటికి ముందే స్పష్టంగా కనిపించేలా బోర్డు పెట్టాలి, పరికరానికి ఏటా ఆమోద పత్రం ఉండాలి, తప్పు జరిగిన 15 రోజుల్లోగా నోటీసు పంపాలి అని అది చెబుతుంది. చెట్టు చాటున కూర్చోవడానికీ ఈ నిబంధన ఆత్మకీ పొంతన లేదు. కెమెరా కనిపిస్తే జనం నెమ్మదిస్తారు, ఆ పరికరం పెట్టిందే అందుకు అనుకుంటే దాన్ని దాచాల్సిన పనేముంది?

ఆ తర్వాత డిస్కౌంట్లు. 2022 మార్చిలో బైకుల పెండింగ్ చలానాల మీద 75 శాతం తగ్గించారు. 2023 డిసెంబరులో 80 శాతం. బకాయిలు వసూలయ్యాయేమో గానీ, మావాళ్ళు నేర్చుకున్న పాఠం వేరు: ఇప్పుడే కట్టకు, ఆగు, మళ్ళీ ఇస్తారు. ఇంకొందరు నంబర్ ప్లేటు చివరి అంకెని వంచేస్తారు, ప్లేటుకి మాస్కు కడతారు, వెనక కూర్చున్నవాడు చెయ్యి అడ్డం పెడతాడు. ఇలాంటివాళ్ళ మీద పోలీసులు చీటింగ్ కేసులు కూడా పెట్టారు. వేగం తగ్గించుకోవడం కంటే ప్లేటు వంచడం తేలిక అనుకునే స్థాయికి వచ్చామంటే, ఆ కెమెరా భయపెడుతోంది గానీ ఏమీ నేర్పడం లేదని అర్థం.

ఇక మలుపు దగ్గరికి వద్దాం.

ముప్ఫై మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపు ఒకటి తీసుకోండి. ఘాట్ రోడ్లలో అలాంటివి బోలెడు. 40లో తిరిగితే బండి సుమారు 23 డిగ్రీలు వంగాలి. 50లో అయితే 33. అరవైలో 43. మలుపుకి కావలసిన బలం వేగం వర్గంతో పెరుగుతుంది. అంటే 40 నుంచి 50కి, వేగం పావు వంతు పెరిగితే టైరు మీద పడే భారం సగానికి పైగా పెరుగుతుంది. అరవై దగ్గర టైరు నుంచి అడుగుతున్నది దాదాపు బండీ మనిషీ కలిసిన బరువంత అడ్డబలం. మంచి టైరు, పొడి తారు ఉంటే అది ఇస్తుందో ఇవ్వదో అన్నంత అంచున ఉన్నట్టు. మన మామూలు బండ్లకి ఆ వంపులో ఫుట్‌రెస్ట్ నేలకి తగలడం మొదలవుతుంది. టీ కొట్టు దగ్గర అది వీరగాథ అవుతుంది. నా దృష్టిలో అది ఖాతా ఖాళీ అయిందన్న మెసేజ్.

టైరు పట్టు నెల జీతం లాంటిది. వంపుకి ఎంత ఖర్చు పెడితే బ్రేకుకి అంత తక్కువ మిగులుతుంది. సీదా రోడ్డు మీద మొత్తం జీతం బ్రేకుకే పెట్టొచ్చు. మలుపులో 43 డిగ్రీలు వంగి ఉన్నవాడికి ఆ ఖాతాలో చిల్లర కూడా ఉండదు. అప్పుడు ఎదురుగా ఏదైనా కనిపించి బ్రేకు నొక్కితే ముందు చక్రం జారిపోతుంది. నా బండికి ఏబీఎస్ ఉందిగా అంటారు, అంటే గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు. 125 సీసీ దాటిన బండ్లకి అది 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయింది, మంచిదే. కానీ మామూలు ఏబీఎస్‌కి బండి నిలువుగా ఉందో వంగి ఉందో తెలియదు. వంపుని కొలిచి దానికి తగ్గట్టు బ్రేకు వేసే రకం ఖరీదైన బండ్లలోనే వస్తుంది. అది కూడా లేని పట్టుని పుట్టించదు.

ఇంతకీ ఎంత దూరంలో ఆగగలం? కన్ను చూసి చెయ్యి కదలడానికి ఒకటిన్నర సెకను వేసుకుందాం. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే 40లో ఆగడానికి మొత్తం 26 మీటర్లు, అరవైలో 45 మీటర్లు. ఇది బండి నిలువుగా ఉన్నప్పటి లెక్క. కొండని కోసి వేసిన రోడ్డులో ఎడమ మలుపుకి లోపలి వైపు కొండ గోడ అడ్డం ఉంటుంది. చాలాచోట్ల పాతిక మీటర్లకి మించి కనిపించదు. మలుపు తిరిగే నేర్పు ఎంత ఉన్నా ఈ తీసివేత మారదు. కాబట్టి మలుపు వేగాన్ని నేను కిలోమీటర్లలో అడగను. కనిపించిన దూరంలో ఆగగలిగావా, అదొక్కటే అడుగుతాను.

శ్రీశైలం ఘాట్ తెలిసినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. అడవి మొదట్లో ఉన్న మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిదికి మూసి పొద్దున ఆరింటికి తీస్తారు, అందుకని తెల్లవారుజామున బయల్దేరిన బైకులన్నీ గుంపుగా అక్కడ పోగై, గేటు తీయగానే ఒక్కసారి వదిలినట్టు పోతాయి. వటవర్లపల్లి దాకా అడవిలో రోడ్డు తేలిగ్గానే సాగి చేతులకి లేని ధైర్యం ఇస్తుంది. దోమలపెంట దాటి డ్యామ్ వైపు దిగుతుంటే అసలు మలుపులు. అక్కడ కోతులు ఉంటాయి, వాటికి మరమరాలు, అరటిపళ్ళు విసరడానికి ఆగే కార్లు ఉంటాయి. ఆ కార్లు ఎక్కడ ఆగుతాయనుకున్నారు? లోయ బాగా కనిపించే చోట, అంటే సరిగ్గా మలుపులో. డ్రైవరు తలుపు రోడ్డు వైపుకి తెరిచి ఉంటుంది, పిల్లవాడు అరటి తొక్క పట్టుకుని కిందికి దిగుతుంటాడు. ఆ తర్వాతి మలుపులో ఆర్టీసీ బస్సు. అంత పొడుగు బస్సు హెయిర్‌పిన్ లాంటి మెలిక మలుపు తిరగాలంటే అవతలి లేను కూడా తీసుకోక తప్పదు, అది డ్రైవరు తప్పు కాదు. వాళ్ళు చాలా దూరం నుంచి హారన్ కొడుతూనే వస్తారు. గట్టి సైలెన్సరు పెట్టుకుని, హెల్మెట్‌లో పాటలు పెట్టుకున్నవాడికి ఆ హారన్ వినపడదు.

కుడి మలుపులో ఇంకో తిరకాసు ఉంది. రోడ్డు బాగా కనిపిస్తుంది కాబట్టి ధైర్యం ఎక్కువ. మధ్య గీతకి ఆనుకుని వంగుతాం, చక్రాలు మన లేనులోనే ఉంటాయి. కానీ తల? తలా భుజమూ గీత దాటి అవతలి లేను గాలిలో ఉంటాయి. ఎదురుగా బస్సు తన లేనులో తాను పద్ధతిగా వస్తున్నా సరే దాని ముందు మూల ఆ తలకి ఎంతో దూరంలో ఉండదు. మలుపులోకి కాస్త ఆలస్యంగా, బయటి వైపు నుంచి దిగమని శిక్షకులు ఊరికే చెప్పరు.

ఇవన్నీ ఏ గన్‌కీ అందవు. ఆ ఎడమ మలుపులో 42లో వెళ్ళినవాడు ఏ చట్టం ప్రకారం చూసినా బుద్ధిమంతుడే. పడిపోతే మాత్రం ఎఫ్‌ఐఆర్‌లో అతివేగం, అజాగ్రత్త అని రాస్తారు. కేంద్రం లెక్కల్లో 2022లో రోడ్డు మీద పోయినవాళ్ళు 1,68,491 మంది. అందులో 44 శాతానికి పైగా టూవీలర్ల మీద వెళ్ళినవాళ్ళే. మొత్తం మరణాల్లో డెబ్భై శాతానికి పైగా అతివేగం ఖాతాలో ఉన్నాయి. ఆ ఖాతాలో 120లో లారీని గుద్దినవాడూ ఉంటాడు, 40లో కంకర మీద జారినవాడూ ఉంటాడు. రెంటికీ మందు ఒకటి కాదు.

ఇక్కడిదాకా వింటే మా తమ్ముళ్ళు చప్పట్లు కొడతారు. చూశారా, కెమెరా దండగ అని. కాదు. అదే నివేదికలో ఇంకో సంగతి ఉంది. ప్రమాదాల్లో సుమారు మూడింట రెండు వంతులు సీదా రోడ్ల మీదే జరిగాయి. సీదా రోడ్లే ఎక్కువ కాబట్టి అని మీరనవచ్చు, అది కొంతవరకు నిజమే. కానీ మన సీదా రోడ్డు ఎంత సీదా? వరి కోతల కాలంలో జిల్లా రోడ్డు మీదకి వెళ్ళి చూడండి. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, బండ్లు ఎక్కకుండా చుట్టూ తలకాయంత రాళ్ళు వరసగా పేరుస్తారు. సాయంత్రం వడ్లు ఎత్తుకుపోతారు, రాళ్ళు ఉండిపోతాయి. చీకటి పడ్డాక వెనక లైటు లేని ట్రాక్టరు. ఊరి మొదట్లో గేదెలు, బడి గేటు, రోడ్డు దాటాలా వద్దా అని ఇంకా తేల్చుకోని ముసలమ్మ. ఆ ముసలమ్మకి నీ కార్నరింగ్ నేర్పు అక్కర్లేదు, నువ్వు అరవైలో ఉన్నావా తొంభైలో ఉన్నావా అన్నదే తేడా. తొంభైలో గన్‌కి దొరికినవాడు "పిట్ట కూడా లేదు" అంటాడు చూడండి, ఆ పిట్ట పొదలోంచి వచ్చేదాకా కనిపించదు. ఊళ్ళ మొదట్లో, బడుల దగ్గర కెమెరా పెట్టమనే నేనంటాను. కాకపోతే బోర్డు పెట్టి, బాహాటంగా.

మలుపు దగ్గర కెమెరా పెట్టిన చోటు కూడా హైదరాబాద్‌లో ఉంది. గచ్చిబౌలి దగ్గర బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ 2019 నవంబరులో తెరిచారు. పైన మెలిక తిరిగిన మలుపు, 40కి మించి పోకూడని వంతెన. నెల తిరగకుండానే ఒక కారు చాలా వేగంగా వచ్చి మలుపులో అదుపు తప్పి, గోడ దాటి కిందపడింది. కింద రోడ్డు మీద నిలబడిన ఒకామె చనిపోయింది. ఫ్లైఓవర్ మూసేసి, రంబుల్ స్ట్రిప్పులు (బండి అదిరేలా రోడ్డుకి అడ్డంగా వేసే ఉబ్బెత్తు పట్టీలు) వేసి, వేగం బోర్డులు, కెమెరాలు పెట్టి మళ్ళీ తెరిచారు. ఆ మార్పుల్లో ఏది ఎక్కువ పని చేసిందంటే నేను రంబుల్ స్ట్రిప్పులకే ఓటు వేస్తాను. చలానా రేపో ఎల్లుండో చెప్పేది, అవి మలుపు రాకముందే నడుముకి చెబుతాయి. బైకుకి మాత్రం అవి వానలో కాస్త ఇబ్బందే, వంగి ఉన్నప్పుడు వాటి మీదకి వెళ్ళకూడదు.

ఘాట్ రోడ్లకి పనికొచ్చే పద్ధతి మనవాళ్ళు ఏళ్ళుగా వాడుతూనే ఉన్నారు, తిరుమలలో. అలిపిరి నుంచి పైకి 28 నిమిషాల కంటే ముందు చేరకూడదు, దిగేటప్పుడు 40 నిమిషాల కంటే ముందు చేరకూడదు. ఒక చివర టైం వేసిన చీటీ ఇస్తారు, ఇంకో చివర చూస్తారు, ముందే వస్తే జరిమానా. దిగే దారి సుమారు 19 కిలోమీటర్లు. అంటే సగటున గంటకి 28 కిలోమీటర్లు. ఏ ఒక్క మలుపులోనూ మీ వేగం ఎవరూ కొలవరు. కానీ తొందరపడి లాభం లేకుండా చేస్తారు. ఐరోపా దేశాల్లో రోడ్డుకి రెండు చివర్లా కెమెరాలు పెట్టి సగటు వేగం పట్టుకుంటారు, సూత్రం ఇదే. కొండ మీద మలుపుమలుపుకీ గన్ పెట్టలేని చోట ఇంతకంటే తెలివైనది నాకు తోచలేదు.

దీనికీ కంత ఉంది, అక్కడికి వెళ్ళినవాళ్ళందరికీ తెలుసు. మలుపులన్నీ రయ్యిమని దిగేసి, టోల్‌గేట్ కనుచూపు మేరలో ఉండగా బండ్లు పక్కకి ఆపి, ఫోన్లు చూసుకుంటూ మిగతా నిమిషాలు గడిపేవాళ్ళు ఉంటారు. అలాంటివాణ్ణి చూస్తే కోపం కంటే జాలి వేస్తుంది. అంత కష్టపడి సంపాదించిన పది నిమిషాలూ రోడ్డు పక్కన దుమ్ములో ఖర్చు పెడుతున్నాడు. అయినా ఎక్కువమంది అలా చేయరు. ముందు చేరి చేసేదేమీ లేదని తెలిసినవాడు మెల్లగానే దిగుతాడు.

ఇవి కాక ఇంజినీరింగ్ పనులు కొన్ని ఉన్నాయి. వాటికి అడిగేవాళ్ళు లేరు. ఘాట్‌లో పెట్టే ఇనుప రెయిలింగ్ కార్ల కోసం లెక్కవేసింది. జారిపడిన బైకరు దాని కింద నుంచి దూరి నిలువు స్తంభానికి కొట్టుకుంటాడు. ఫ్రాన్స్, స్పెయిన్ లాంటి దేశాల్లో బైకులు ఎక్కువ తిరిగే మలుపుల్లో కింది ఖాళీకి కూడా రేకు బిగిస్తారు. మన దగ్గర అది అడిగిన బైకర్ల బృందం నాకు ఇంతవరకు తారసపడలేదు. చలానా మీద ఉన్న ఐకమత్యంలో పదో వంతు దీని మీద లేదు. రోడ్డు మీద మట్టి, ఇసుక సంగతీ అంతే. 2021 సెప్టెంబరులో నటుడు సాయి ధరమ్ తేజ్ హైదరాబాద్‌లో దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి దాటాక బైకు మీంచి జారిపడినప్పుడు నాలుగు రోజులు ఊరంతా ఇసుక గురించే మాట్లాడింది. ఆయనకి హెల్మెట్ ఉంది, బతికాడు. ఆ తర్వాత టిప్పర్ల నుంచి రాలే కంకర మళ్ళీ ఎవరికీ పట్టలేదు.

ఎదురుగా వచ్చే బండికి లైటు కొట్టి ముందు గన్ ఉందని హెచ్చరించడం మాలో పెద్ద మర్యాద. నేనది మానేశాను. కుర్రాళ్ళు దీన్ని ద్రోహం కిందే లెక్కేస్తారు, వేసుకోనీ. మలుపు అవతల కంకరో, ఆగిన లారీయో, వడ్ల రాళ్ళో ఉంటే మాత్రం లైటు కొడతాను, అరచెయ్యి కిందికి ఊపుతాను. మొన్న అలా ఊపితే ఒక కుర్రాడు గన్ అనుకుని ఠక్కున అరవైకి దించాడు, థాంక్సన్నా అన్నట్టు చెయ్యెత్తి మరీ వెళ్ళాడు.